డొనేట్ నొక్కినవాళ్లు ఎక్కడ జారిపోతున్నారు?

[తెరపై: ఫోన్‌లో డొనేషన్ పేజీ. వేలు బటన్ నొక్కుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది.]

గొంతు: విరాళాలు తగ్గగానే చాలా చిన్న సంస్థలు ఇంకో పోస్టు పెడతాయి, ఇంకో వంద మందికి లింకు పంపుతాయి. చిల్లికుండకి ముందు కావలసింది లక్క, నీళ్లు కాదు.

చిల్లి ఎక్కడుందో మూడు అంకెలు చెబుతాయి. పోయిన నెల పేజీకి ఎంతమంది వచ్చారు, ఎంతమంది బటన్ నొక్కారు, ఎందరి డబ్బు చేరింది. మొదటి రెండూ అనలిటిక్స్‌లో, అంటే సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే సాధనంలో, మూడోది పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సర్వీసు డాష్‌బోర్డులో దొరుకుతాయి.

[తెరపై: 1,000 → 100 → 30]

1,000 మంది వచ్చి, 100 మంది నొక్కి, 30 మంది చెల్లించారనుకోండి. ఇద్దామనుకున్న 70 మంది పోయారు. వీళ్లలో చెల్లింపు దాకా వచ్చి అక్కడ ఆగిపోయినవాళ్లే గేట్‌వేలో "ఫెయిల్డ్" కింద కనిపిస్తారు. ఫారం చూసి విసుగొచ్చి వెళ్లిపోయినవాళ్ల జాడ అక్కడ ఉండదు. అందుకే ఈ తీసివేత మీరే వేసుకోవాలి.

[తెరపై: పొడవాటి ఫారం. గళ్లు ఒక్కొక్కటిగా మాయమవుతాయి.]

ఇప్పుడు వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, మీ కార్డుతోనే ఒక విరాళం ఇచ్చి చూడండి. మొత్తం, పేరు, ఈమెయిల్, చెల్లింపు వివరాలు, చట్టం తప్పనిసరి అన్నవి ఉంటే అవి. ఇంతకు మించి ఫారంలో ఏదీ వద్దు. "మా గురించి ఎలా తెలిసింది" లాంటి ప్రశ్నలు డబ్బు చేరాక, ధన్యవాదాల పేజీలో అడగొచ్చు. అకౌంటు తెరవమని బలవంతం చేయకండి. అన్నిటికన్నా ఘోరం, ఒక్క అంకె తప్పు పడితే నింపినదంతా తుడిచేసే ఫారం. అలాంటిదైతే సరిచేయించే దాకా లింకు ఎవరికీ పంపకపోవడమే మేలు.

పేజీ తెరుచుకోవడం నెమ్మదిగా ఉందా? పేజీ పైభాగాన పెట్టిన ఫొటో 4 ఎంబీ ఉంటే 1,200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లో 200 కేబీ లోపుకి తెండి.

[తెరపై: నాలుగు మొత్తాల గళ్లు. రెండోది ముందే ఎంపికై ఉంది.]

గళ్లలో ఏ మొత్తాలు పెట్టాలి? సగటు చూడకండి. 20, 20, 25, 30, 500 వచ్చాయనుకోండి. సగటు 119 అవుతుంది, కానీ అంత మొత్తం దగ్గర్లో ఇచ్చినవాళ్లే లేరు. వరుసలో మధ్యన ఉన్నది 25. దాన్ని రెండో గడిలో పెట్టి ముందే ఎంపిక చేసి ఉంచండి. "ఈ మొత్తంతో ఒక కిట్" అని రాస్తే ఆ డబ్బు కిట్లకే ఖర్చు పెట్టాల్సి రావచ్చు. "ఇలాంటి అవసరాలకి" అంటే చేతులు కట్టేసినట్టుండదు. "ప్రతినెలా" గడికి మాత్రం ముందే టిక్ పెట్టొద్దు. చూసుకోని దాత రెండో నెల బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు.

బటన్ రంగు మార్చి ఏది బాగుందో పరీక్షిద్దామని ఎవరైనా అంటే ఈ లెక్క చూపండి. పేజీకి వచ్చినవాళ్లలో విరాళం ఇచ్చేవాళ్లు 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగారని నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో రంగు బటన్‌ని దాదాపు 3,800 మంది చూడాలి. అంత రాకపోకలు లేని పేజీకి ఆ పరీక్ష కాలక్షేపమే.

[తెరపై: నిమిషం వ్యవధిలో వరుసగా వచ్చిపడుతున్న అతి చిన్న మొత్తాలు.]

ఇది చూసి సంబరపడకండి. దొంగిలించిన కార్డులు పనిచేస్తున్నాయో లేదో మోసగాళ్లు డొనేషన్ పేజీల మీదే పరీక్షిస్తారు, ఎంత చిన్న మొత్తమైనా తీసుకుంటాయి కాబట్టి. అసలు యజమానులు ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి పోతుంది, పైగా రుసుము పడుతుంది, గేట్‌వే మీ ఖాతానే నిలిపేయొచ్చు. కనీస మొత్తం పెట్టండి, వచ్చింది మనిషో యంత్రమో తేల్చే క్యాప్చా పెట్టండి, ఒకే ఐపీ, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చే ప్రయత్నాలకి హద్దు పెట్టండి. ఇవన్నీ దాటి వచ్చిన అలాంటి చెల్లింపులని వెంటనే రీఫండ్ చేయండి.

నెలనెలా ఇచ్చేవాళ్లు మానేశారనుకుంటాం. చాలాసార్లు వాళ్ల కార్డు గడువు తీరిపోయి ఉంటుంది, అంతే. చెల్లింపు ఆగితే కొన్ని రోజుల తేడాతో మళ్లీ ప్రయత్నించేలా గేట్‌వేలో సెట్ చేసి, కార్డు మార్చుకునే లింకుతో ఒక మెయిల్ వెళ్లేలా చూడండి.

[తెరపై: ఇన్‌బాక్స్ ఖాళీ. స్పామ్ ఫోల్డర్ తెరిస్తే రసీదు.]

రసీదు నిమిషంలో చేరాలి. స్పామ్‌లో పడుతోందంటే మీ డొమైన్‌కి, అంటే మీ వెబ్‌సైట్ పేరుకి, మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు ఉన్నాయో లేదో వెబ్‌సైట్ చూసేవారిని అడగండి. రెండు మూడు వేర్వేరు మెయిల్ సర్వీసులకి పంపి చూసుకోండి. కొన్ని వారాల తర్వాత ఆ డబ్బుతో ఏం జరిగిందో ఒక ఫొటో, రెండు వాక్యాలు పంపండి. ఆ మెయిల్‌లో డొనేట్ బటన్ పెట్టకండి.