రాక్షస మాస్కుకి కళ్ళు బిగించడం: చూపు కుదిరేదాకా

నమస్కారం అండి. విజయవాడలో మా వర్క్‌షాప్ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు లేటెక్స్, అంటే రబ్బరు పాలతో చేసిన మాస్కుకి యాక్రిలిక్ కళ్ళు ఎలా బిగించాలో చూద్దాం. ఖరీదైన కళ్ళు తెప్పించి పెట్టినా మాస్కు బొమ్మలాగే ఉందని చాలామంది బాధపడుతుంటారు. లోపం కళ్ళలో ఉండదండి, చూపులో ఉంటుంది. అందుకే ఎక్కువసేపు దాని మీదే ఉంటాం.

ముందు ఒక మాట. మీ దగ్గరున్నది పాత మాస్కు అయితే, అంటే అమెరికాలో డాన్ పోస్ట్ స్టూడియోస్ లాంటివాళ్ళు 1960లలో చేసినలాంటిది అయితే, దానికి కత్తెర పెట్టకండి. చెక్కు చెదరకుండా ఉండటమే దాని విలువ. కొత్తగా పోత పోసిన మాస్కు మీదే ఈ పని చేయండి.

కళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అరగోళం ఆకారంలో, వెనక చదునుగా ఉన్నవి తీసుకోండి. మన కనుగుడ్డు అడ్డకొలత సుమారు 24 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు 12 దగ్గర. కానీ మాస్కు తల మనిషి తలకంటే పెద్దది కాబట్టి 24 పెడితే కళ్ళు చిన్నబోతాయి. 26 నుంచి 30 దాకా కాగితం మీద గీసి, కత్తిరించి, మాస్కు మీద పెట్టి చూశాకే ఆర్డర్ ఇవ్వండి. కోయడానికి 11 నంబరు సర్జికల్ బ్లేడు చాలా బాగుంటుంది, విజయవాడలో అయితే సూర్యారావుపేట సర్జికల్ షాపుల్లో అడగండి. గ్లూ గన్, లిక్విడ్ లేటెక్స్, పాత నూలు గుడ్డ, సైకిల్ షాపులో దొరికే పంక్చర్ సొల్యూషన్ దగ్గర పెట్టుకోండి. తలకు నూనె రాసుకున్న చేత్తో మాస్కు ముట్టుకోవద్దు. కొబ్బరినూనె అయినా వేజిలిన్ అయినా లేటెక్స్‌ని మెత్తబరిచి పాడుచేస్తుంది.

గుళ్ళో విగ్రహానికి నేత్రోన్మీలనం చివర్లో చేసినట్టు, మనం కూడా ముఖానికి రంగు పూర్తయ్యాకే కళ్ళ దగ్గరికి వస్తాం. ఇదిగో, రెప్పల అంచు లోపలి గీత కనిపిస్తోందా? దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికే కోయండి. ఒక్కసారిగా గుండ్రంగా తీసేయకండి. ముందు మధ్యలో చిన్న గాటు, తర్వాత కొద్దికొద్దిగా అంచు దాకా. తక్కువ కోస్తే మళ్ళీ కోయొచ్చు.

ఇప్పుడు కన్ను లోపలి నుంచి పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోండి. ఇంకా గమ్ వద్దు. పై రెప్పను చూడండి. నల్లగుడ్డు పైభాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పాలి, కింది రెప్ప దాని అంచును తాకితే చాలు. నల్లగుడ్డు పైన తెలుపు కనిపించిందంటే రాక్షసుడే భయపడినట్టుంటాడు. చుట్టూ తెలుపు కనిపిస్తే గుడ్లు తేలేసినట్టే. గుడ్లురిమి చూడాలంటే కన్నును కొంచెం పైకి తిప్పి రెప్ప కింద దాచండి. అప్పుడు కనుబొమల కిందనుంచి చూస్తున్నట్టు వస్తుంది. ఈ తేడా ఎంతో తెలుసా? వెంట్రుక మందం జరిగినా ముఖం మారిపోతుంది, ఇదిగో, ఇలా తిప్పుతున్నాను చూడండి.

రెండో కన్ను దగ్గరే అసలు టెన్షన్. ముఖం పక్కలకు వాలి ఉంటుంది కాబట్టి కళ్ళు వాటంతటవే బయటికి తిరిగిపోతాయి. దీనికి నేను వాడే పద్ధతి, కంటి డాక్టర్లు మెల్లకన్ను చూడటానికి వాడేదే. గదిలో లైట్లు ఆపేసి, మాస్కుకి ఎదురుగా రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, ఫోన్ టార్చి మీ కంటి పక్కనే పెట్టుకుని వేయండి. రెండు కళ్ళలోనూ మెరుపు చుక్క ఒకే చోట పడాలి. చుక్క ముక్కు వైపు జరిగితే ఆ కన్ను బయటికి తిరిగినట్టు. చెవి వైపు జరిగితే లోపలికి తిరిగినట్టు. పిల్లి కన్నులాంటి నిలువు కంటిపాప అయితే రెండు గీతలూ నిటారుగా ఉన్నాయా అని కూడా చూసుకోండి.

చూపు కుదిరాక వెనకనుంచి గ్లూ గన్‌తో మూడు నాలుగు చుక్కలు, అంతే. కుదరకపోతే ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. హాట్ గ్లూ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మే నెల విజయవాడ ఎండలో ఆపిన కారులో అది మెత్తబడి కన్ను జారుతుంది. కన్ను చుట్టూ మాస్కు లోపలి వైపు పంక్చర్ సొల్యూషన్ పలచగా రాసి ఆరనిచ్చి, లేటెక్స్‌లో తడిపిన గుడ్డ పీలికలు కన్ను వెనక భాగాన్నీ మాస్కునూ కలిపి అడ్డంగా అతికించండి. ఒక పొర ఆరాక రెండోది. ఫెవిక్విక్ లాంటివి అసలు వద్దు, వాటి ఆవిరి యాక్రిలిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవడం ఇంకా ప్రమాదం, కన్ను మసకబారిపోతుంది.

ముందువైపు రెప్పకీ కన్నుకీ మధ్య సందును రంగు కలిపిన లేటెక్స్‌తో సన్నటి బ్రష్‌తో పూడ్చండి. కన్ను మీద ముందుగా మాస్కింగ్ టేప్ వేసుకోండి. ఆరాక ఒక్క కింది రెప్ప అంచు మీద టూత్‌పిక్‌తో క్లియర్ ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే పారదర్శకమైన గమ్, సన్నగా గీయండి. ఆ తడి మెరుపుతో కన్ను ఇప్పుడే చెమ్మగిల్లినట్టు ఉంటుంది. కొలకుల దగ్గర లేత ఎరుపు కొద్దిగా అద్దండి, ఎక్కువ వద్దు.

ఒక రోజంతా ఆరనిచ్చి, నేరుగా ఎండ తగలని చోట తల ఆకారపు స్టాండుకి తొడగండి. ఇది షెల్ఫ్‌లో ఉండే మాస్కు. మీరు పెట్టుకోవాలనుకుంటే కన్ను కింద ముడతలో సన్నటి చీలిక కోసుకోండి, చూడటానికి మీకు అదే దారి.