రోజుకు మూడు సిలిండర్లా? ఎవరు పీల్చారండీ!

ముందే చెప్పేస్తున్నా, మీకు రోజుకు మూడు సిలిండర్ల ఆక్సిజన్ అక్కర్లేదు. ఒక్కటి కూడా అక్కర్లేదు!

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా మన తెలుగు గ్రూపులన్నిట్లో తిరుగుతోందిగా ఆ మెసేజ్. మనిషి రోజూ మూడు సిలిండర్లు పీలుస్తాడట, ఒక్కోటి ఏడొందలట, రోజుకు 2,100 ప్రకృతికి బాకీయట. మా మావయ్య కూడా పంపాడు, కింద దండం బొమ్మ పెట్టి మరీ. మావయ్యా, ఫోన్లో చెప్తే వినలేదు కదా, ఇలా విను.

ఊరికే కూర్చున్న ఒంటికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ చాలు. పావులీటరు పాల ప్యాకెట్టంత! రోజంతా కలిపితే 360 లీటర్లు. నడక, పని కూడా వేసుకుని 550 అనుకోండి. ఆస్పత్రిలో కనిపించే పెద్ద సిలిండర్, జంబో అంటారే, అందులో 7,000 లీటర్ల దాకా వస్తుంది. భాగించండి. పన్నెండు రోజులు! పన్నెండు రోజుల సరుకుని ఎనిమిది గంటల్లో లాగేస్తున్నామంటాడు ఈ మెసేజ్ రాసినాయన.

మరి ఆ మూడు ఎక్కడిది? నా అనుమానం వినండి. 2021లో చూశాం కదా, ఊపిరాడని పేషెంటుకి సంచి ఉన్న మాస్క్ పెట్టి నిమిషానికి 15 లీటర్లు వదిలేవాళ్లు. రోజుకెంత? 21,600. సుమారు మూడు జంబోలు! అందులో ఒంటికి పట్టేది కొంచెమే, మిగతాదంతా మాస్క్ పక్కల నుంచి బయటికే. ఆ లెక్కని ఎవరో ఆరోగ్యంగా ఉన్నవాడి నెత్తిన రుద్దారు. కాదని ఎవరైనా అంటే కామెంట్లో లెక్క వేసి చూపించండి, నేను ఇక్కడే ఉంటా.

అసలు పీల్చిన గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలినదాంట్లో ఇంకా 16 ఉంటుంది. అంటే వచ్చినదాన్ని కూడా మనం పూర్తిగా వాడట్లేదు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతూ ఆయాసపడ్డారా? 1,501 మీటర్ల కొండ. పైన కూడా ఆ 21 శాతమే, గాలే ఆరో వంతు దాకా పలచన. అయినా దిగొచ్చి పులిహోర తిన్నాం కదా!

మెసేజ్ చివర ఇంకోటుంది, రావిచెట్టు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని. వెలుతురు లేకుండా ఆకు ఆక్సిజన్ ఎలా చేస్తుందండీ? రాత్రయితే అదీ మనలాగే పీల్చుకుంటుంది. చెట్లు నాటండి, నేనూ నాటుతా, దానికి ఈ దొంగ బిల్లు ఎందుకు?

ఆగండి, మావయ్య గ్రూపులో మళ్లీ పెట్టాడు. ఈసారి నాలుగు సిలిండర్లట.