ఒక్క పటంతో సరిపెట్టుకోవద్దు

అందరికీ నమస్కారం. పదో తరగతిలో మెదడు పటం గీసి భాగాలు గుర్తించమంటే మనందరం గీసింది ఒకటే పటం, తలను ముక్కు మీదుగా నిలువునా కోస్తే కనబడేది. పైన మస్తిష్కం, వెనక అనుమస్తిష్కం, కింద మజ్జాముఖం, నాలుగు గీతలు లాగి పేర్లు రాస్తే మార్కులు పడిపోయేవి. చిక్కేమిటంటే ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్‌కి వచ్చాక కూడా చాలామందికి మెదడంటే ఆ ఒక్క పటమే, అదే మెదడును అడ్డంగా కోసి ముందు పెడితే పోల్చుకోలేరు.

మెదడు లోపల ఉండే కాడేట్ న్యూక్లియస్ అనే నరకణాల ముద్దనే తీసుకోండి. అది ఇంగ్లీషు సి అక్షరంలా వంగి, లాటరల్ వెంట్రికల్‌ని, అంటే మెదడులోని ద్రవం నిండిన గదిని, అంటిపెట్టుకుని ముందు నుంచి వెనక్కి వెళ్లి, మళ్లీ కింద నుంచి ముందుకు వస్తుంది. అలా వంగినదాన్ని కరోనల్‌గా, అంటే ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా నిలువుగా, కోస్తే కత్తి రెండు చోట్ల తగులుతుంది కదా, కాబట్టి ఒకే స్లైస్‌లో పైన ఒక ముక్క, కింద కణత వైపుండే టెంపొరల్ లోబ్‌లో ఇంకో చిన్న ముక్క కనిపిస్తాయి. లేబుల్ మాత్రం రెండింటికీ కాడేట్ అనే ఉంటుంది. బట్టీ పట్టినవాళ్లకి ఇది అచ్చు తప్పులా అనిపిస్తుంది! శాజిటల్ (ముక్కు మీదుగా నిలువు కోత), కరోనల్, యాక్సియల్ (అడ్డకోత) మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క భాగాన్నే వెతకండి, పది భాగాలు ఒకేసారి వద్దు.

రంగుల సంగతి. అట్లాస్‌లో, అంటే మెదడు పటాల పుస్తకంలో, థాలమస్‌కి ఒక రంగు, హిప్పోకాంపస్‌కి ఒక రంగు వేస్తారు, చూడ్డానికి బాగుంటుంది. అసలు మెదడు తాజాగా ఉన్నప్పుడు జున్నులా మెత్తగా ఉంటుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక అంతా దాదాపు ఒకే బూడిద రంగు. మామూలు కంటికి రంగు తేడా తెలిసే చోట్లు తక్కువ, వాటిలో ఒకటి మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా, నల్లటి చారలా ఉంటుంది. పార్కిన్‌సన్స్ వ్యాధిలో ఆ రంగున్న కణాలే చచ్చిపోతాయి కాబట్టి చార వెలిసిపోతుంది. అక్కడ మాత్రం రంగుని నమ్మొచ్చు.

ఇక గీసినవాళ్ల సంగతి. నరకణాలను మైక్రోస్కోప్‌లో చూసి గీసిన శాస్త్రవేత్తలు గోల్జీ, కహాల్ ఇద్దరూ వాడింది ఒకటే స్టెయిన్ (కణాలు కనబడేలా వేసే రంగు), 1906లో నోబెల్ కూడా ఇద్దరికీ కలిపే ఇచ్చారు. గోల్జీకి నరకణాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన వలలా కనిపించాయి, కహాల్ మాత్రం దేనికది విడి కణంగా గీశాడు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కహాల్ పక్షానే తేల్చింది. కాబట్టి ఏ పటాన్నయినా గీసినవాడి అభిప్రాయం కలిపే చదవాలి, మన టెక్స్ట్‌బుక్ పటాన్ని కూడా.

స్కాన్ దగ్గరికి వస్తే టెన్షన్ పడేది కుడి ఎడమల గురించి. యాక్సియల్ ఫిల్మ్‌ని పేషెంట్ పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు పెడతారు, అంటే పేషెంట్ ఎడమ మీకు కుడివైపు. తర్వాత వెంట్రికల్స్ చూడండి, ఎంఆర్ఐలో టీ1, టీ2 అని రెండు రకాల చిత్రాలుంటాయి, ద్రవం నల్లగా ఉంటే టీ1, తెల్లగా ఉంటే టీ2.

ఇప్పుడు పక్షవాతం కేసు ఒకటి అనుకుందాం. కాలు పడిపోయింది, చెయ్యీ మొహమూ దాదాపు బాగానే ఉన్నాయి. ఏ రక్తనాళం? కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌లో మొహం, చెయ్యి మెదడు బయటి వైపు ఉంటాయి, కాలి భాగం నడినెత్తి దాటి రెండు అర్ధగోళాల మధ్య సందులోకి దిగుతుంది. బయటి వైపుకి ఎక్కువగా రక్తం ఇచ్చేది మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ, ఆ సందులోపలికి యాంటీరియర్ సెరెబ్రల్ ఆర్టరీ. బయటి వైపు పటం ఒక్కటే చూసినవాళ్లకి ఇక్కడ కాలే కనబడదు, జవాబు ఎలా తడుతుంది?

రేపు ల్యాబ్‌కి వచ్చేలోపు మెదడు బయటి వైపు, సందు వైపు రెండూ పుస్తకం మూసేసి గీయండి, వంకరటింకరగా ఉన్నా సరే. తర్వాత పుస్తకం తెరిచి, తప్పిన గీతల్ని చెరిపేయకుండా వాటి పక్కనే సరిదిద్దండి. ఆ కాగితాలు పట్టుకురండి, డిసెక్షన్ టేబుల్ మీద స్పెసిమెన్ పక్కన పెట్టి చూద్దాం.