చెవితో చదివే చిరునామా

సభకు నమస్కారం.

నేను కంప్యూటర్ తెరను చూడను, వింటాను. వెబ్ పేజీ అంటే నాకు ఒకదాని వెంట ఒకటిగా వచ్చే మాటల వరుస. అందువల్ల భద్రత గురించి అందరికీ చెప్పే సలహాలు మా వంటివారికి అంతగా అతకవు. చిరునామా పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూసుకోమని ఏళ్ల తరబడి చెప్పారు. దొంగ సైట్లు కూడా అదే తాళం వేసుకుని తిరగడం మామూలైపోయాక, 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తును తీసి మరో గుర్తు పెట్టింది. చూపున్నవారు ఆ రోజు పోగొట్టుకున్న ఆసరా మీద మేము మొదటి నుంచీ పెద్దగా ఆధారపడలేదు.

నేను ఎక్కువగా వాడేది లింక్స్ అనే టెక్స్ట్ బ్రౌజర్. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ప్రోగ్రామ్ నేటికీ వాడుకలో ఉంది. ఇది బొమ్మలు చూపదు, జావాస్క్రిప్ట్ నడపదు. కాబట్టి పేజీలో దాగిన కోడ్ నడిస్తే తప్ప పనిచేయని దాడులు ఇక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. చదువుతూ ఉండగా హఠాత్తుగా మరో పెట్టె తెరుచుకుని, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను అటు లాక్కుపోవడం కూడా ఉండదు. అయితే దీన్ని కవచమని పొగడడం నాకు ఇష్టం లేదు. పెద్ద బ్రౌజర్లు మోసపు సైట్ల జాబితాలు దగ్గర పెట్టుకుని హెచ్చరిస్తాయి, ఇది హెచ్చరించదు. తనను ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే సమాచారం దారిలో ఎవరూ చదవలేని రూపంలోనే, తెరవాలని ఒక సైట్ ఒకసారి చెబితే ఆ నియమాన్ని పెద్ద బ్రౌజర్లు గుర్తుంచుకుంటాయి, ఇది గుర్తుంచుకోదు. దారి మధ్యలో కూర్చున్నవాడు మనల్ని ఎన్‌క్రిప్షన్ లేని పేజీలోనే ఎలా తిప్పగలడో భద్రతా పరిశోధకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2009లోనే చేసి చూపించారు. అందుకే చిరునామా టైప్ చేసేటప్పుడు ముందున్న హెచ్‌టీటీపీఎస్‌ను, చివరి ఎస్‌తో సహా, నేను ప్రతిసారీ పూర్తిగా రాస్తాను.

ఇక అసలు విషయం చిరునామా. ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెడితే కంటికి ఎం లాగా కనిపిస్తాయి. అక్షరం అక్షరంగా వినేవారి దగ్గర ఆ మోసం చెల్లదు, ఎందుకంటే ఆర్ అనీ ఎన్ అనీ విడివిడిగానే వినిపిస్తాయి. కానీ చెవిని మోసగించే దారులు వేరే ఉన్నాయి. బ్యాంక్ అనే మాట చివర కే ఉన్నా సీ ఉన్నా స్క్రీన్ రీడర్ ఒకేలా పలుకుతుంది, ఒక అక్షరం రెండుసార్లు పడినా ఉచ్చారణ మారకపోవచ్చు. కంటిని దృష్టిలో పెట్టుకుని రాసిన జాగ్రత్తలలో ఈ సంగతి దాదాపు కనబడదు. కాబట్టి ఏదైనా లంకె మీద అనుమానం కలిగితే లింక్స్‌లో సమానం గుర్తు మీట నొక్కండి. ఇప్పుడున్న పేజీ చిరునామా, ఎంచుకున్న లంకె చిరునామా రెండూ విడిగా ఒక పేజీలో వస్తాయి. దాన్ని మాటలుగా కాక అక్షరాలుగా వినండి.

అక్షరాలుగా విన్నా తేలని సందర్భం ఒకటుంది. రష్యన్ లిపిలోని ఒక అక్షరం అచ్చంగా ఆంగ్ల ఏ అక్షరంలాగే ఉంటుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారు ఆ అక్షరం మీద నిలిచి నంబర్ ప్యాడ్‌లోని 2 మీటను మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే దాని సంఖ్య వినిపిస్తుంది. 97 అని వినిపిస్తే అది చిన్నబడి ఆంగ్ల ఏ, 1072 అని వినిపిస్తే రష్యన్ అక్షరం. సంఖ్య విన్నాక ఇక సందేహానికి చోటుండదు.

చిరునామాలో ఎట్ గుర్తు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. రెండు గీతల తర్వాత మొదట వినిపించే పేరు నమ్మకమైన సంస్థదే కావచ్చు, కానీ ఎట్ గుర్తుకు ముందున్నది వాడుకరి పేరు మాత్రమే, వెళ్లేది దాని తర్వాతున్న సైట్‌కు. మనం వరుసగా వింటాం కనుక మొదటి పేరు వినగానే సరేననుకుని ఆపేస్తాం, మోసగాడికి కావలసింది అదే. పాత లింక్స్‌లో ఇక్కడే మరో లోపం ఉండేది. చిరునామాలో రాసిన పేరు, పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ మొదలుకాకముందే బయటికి వెళ్లే సమాచారంలో కలిసిపోయేవి. ఆ సంగతి 2021లో బయటపడింది. పాత ప్రతి వాడుతున్నవారు వెంటనే మార్చుకోవాలి.

సైట్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ సరిగా లేకపోతే లింక్స్ ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగుతుంది. చిక్కేమిటంటే ఆ ప్రశ్న తెర అడుగున వస్తుంది. స్క్రీన్ రీడర్ మరోచోట ఉంటే అది వినిపించకపోవచ్చు, మనకు పేజీ నిలిచిపోయినట్టు అనిపిస్తుంది. విసుగుతో వై నొక్కడం కంటే అడుగు వరుసకు వెళ్లి విని, కారణం తెలియకపోతే వద్దని చెప్పడం మేలు.

పాస్‌వర్డ్ గడి విషయానికి వస్తే, లింక్స్ తెర మీద నక్షత్రపు గుర్తులే చూపిస్తుంది. కానీ అది రహస్యపు గడి అన్న సంగతి లింక్స్ నడిచే టెర్మినల్ కిటికీ స్క్రీన్ రీడర్‌కు చెప్పదు, అందువల్ల మీరు నొక్కిన అక్షరాలనే అది బిగ్గరగా పలకవచ్చు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ముందు ఒక దొంగ పాస్‌వర్డ్ టైప్ చేసి ఏం వినిపిస్తుందో పరీక్షించుకోండి. ఎన్‌వీడీఏ తన పనులను రాసిపెట్టుకునే లాగ్ స్థాయిని ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లు నమోదు చేసేలా పెట్టి ఉంటే నొక్కిన మీటలన్నీ ఫైలులో పడతాయి. ఏదో లోపం కనిపెట్టడానికి పెట్టి, పని అయ్యాక వెనక్కి మార్చడం మరచిపోయేవారిలో నేనూ ఒకణ్ణి.

డబ్బు వ్యవహారాలకు మాత్రం నేను పెద్ద బ్రౌజర్‌లోకే వెళతాను, అందులో పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటుంది. దానికి కన్నూ లేదు, చెవీ లేదు, దాచుకున్న చిరునామాతో అక్షరాలను సరిచూడడమే దాని పని. ఎప్పుడూ తానే గడి నింపేది ఒకరోజు నింపకుండా ఊరుకుంటే, నేను పాస్‌వర్డ్ చేత్తో టైప్ చేయను. చిరునామా దగ్గరికి తిరిగి వెళ్లి మళ్లీ మొదటి అక్షరం నుంచి వింటాను.