సీసా వెనక వైపు

శ్రోతలకు నమస్కారం. విటమిన్ సీసా చేతికి రాగానే మన చూపు ముందు వైపే ఆగుతుంది. పెద్ద అక్షరాలు, పచ్చటి ఆకు బొమ్మ, 'సహజం' అన్న మాట. ఆ మాటను బట్టి నాణ్యత తెలియదు. సీసా తిప్పండి. అసలు సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు కావాలంటే తెచ్చుకోండి, పర్వాలేదు.

కాల్షియం సంగతే చూద్దాం. మాత్ర మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే, అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. సిట్రేట్ రూపంలో ఇంకా తక్కువ, నూటికి 21 పాళ్లు. అలాగని సిట్రేట్ నాసిరకం కాదు. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే దాన్ని భోజనంతో వేసుకోమంటారు. ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లకు సిట్రేటే నయం. ఏ రూపమైనా ఒక్కసారే ఎక్కువ మింగితే ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది.

విటమిన్ డి దగ్గర లెక్క ఇంకో రకం. ఒక సీసా మీద 1000 యూనిట్లు, పక్కదాని మీద 25 మైక్రోగ్రాములు. రెండూ ఒకటే!

నాకు బొత్తిగా నచ్చనిది 'ప్రత్యేక మిశ్రమం'. పది మూలికల పేర్లు రాసి, అన్నిటికీ కలిపి ఒకే బరువు వేస్తారు. ఏది ఎంత ఉందో తెలియదు. అలాంటిది నేనైతే కొనను.

యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి సంస్థల పరీక్ష ముద్ర ఉంటే కొంత భరోసా. లేబుల్‌లో రాసిందే లోపల ఉందనీ, సీసం లాంటి హానికర పదార్థాలు హద్దు దాటలేదనీ దాని అర్థం. ఆ మాత్ర మీకు అవసరమా అన్నది మాత్రం ముద్ర చెప్పదు.

మోతాదు ఎక్కువైతే బలం ఎక్కువ అనుకోవద్దు. ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుపోతాయి. నీళ్లలో కరిగేవి ఎలాగూ బయటికి పోతాయిలే అంటారు కానీ, బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు విటమిన్ కె ఉన్న మాత్ర డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు.

ఇక జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారికి ఒక మాట. అది థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుదారి పట్టించగలదు. రక్తం ఇచ్చే ముందే ఆ మాత్ర సంగతి డాక్టర్‌కు చెప్పేయండి. నమస్కారం.