చెక్క పారలెట్లతో మూడు నెలలు: ఎల్-సిట్ వచ్చిందా?

నమస్కారం. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. రెండు చెక్క పిడులు, ఒక్కోదాని కింద రెండేసి కాళ్లు. వీటిని పారలెట్లు అంటారు. జిమ్నాస్టులు వేలాడే సమాంతర కడ్డీలకు ఇవి చిట్టి తమ్ముళ్లు. ఎల్-సిట్ కోసం మూడు నెలలుగా నా యోగా చాప పక్కనే ఉంటున్నాయి. ఎల్-సిట్ అంటే అరచేతుల మీద ఒళ్లంతా లేపి, కాళ్లను ముందుకు చాపి గాల్లో నిలపడం.

లోలాసనం, అంటే కాళ్లు మడిచి చేతుల మీద ఒళ్లు లేపే ఆసనం, దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. పిరుదులు లేచేవి, పాదాలు మాత్రం చాపను వదిలేవి కావు. నా చేతులు పొట్టివిలే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఒకరోజు పక్కనుంచి ఫోనులో వీడియో తీసుకుని చూసుకుంటే దొంగ దొరికాడు: భుజాలు చెవులను తాకుతున్నాయి! చేతుల పొడవంతా అక్కడే ఖర్చయిపోతోంది. భుజాలను కిందికి నొక్కి మెడను పొడవుగా ఉంచితే, అవే చేతులతో నాలుగు వేళ్ల ఎత్తు దొరికింది. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు.

మరి పారలెట్లు ఎందుకంటారా? మణికట్టు కోసం. అరచేయి నేలకు ఆనించి శరీరాన్ని మోస్తే మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వెనక్కి వంగుతుంది. పిడి పట్టుకుంటే నిటారుగా ఉంటుంది. బకాసనం (మోకాళ్లను పైచేతులకు ఆనించి ఒళ్లు లేపేది) వేసిన మర్నాడు మణికట్టు సలిపేవారికి ఈ ఒక్క సుఖం చాలు.

నా ఫిర్యాదు వీటి ఎత్తు మీద. మొదటి వారంలోనే కాళ్లు గాల్లోకి లేచాయి, పొంగిపోయాను. చాప మీదకు దిగితే కథ మళ్లీ మొదటికే. కాళ్లు కిందికి వాలినా నేల తగలకుండా ఈ ఎత్తు కాపాడుతోందన్నమాట. చాప అలా ముఖమాటపడదు, మడమ రాసుకుంటే వెంటనే చెప్పేస్తుంది.

పడవలా కూర్చునే నావాసనం బాగా వచ్చు కదా, ఎల్-సిట్ కూడా వస్తుందనుకున్నాను. నావాసనంలో కాళ్లు ఏటవాలుగా ఉంటాయి, కింద నేల మోస్తుంది. ఎల్-సిట్‌లో కాళ్లు నేలకు సమాంతరం, బరువు పూర్తిగా లాగేది అక్కడే. నాకు పనికొచ్చిన సాధన ఇది: దండాసనంలో, అంటే కాళ్లు ముందుకు చాపి నిటారుగా కూర్చుని, అరచేతులు మోకాళ్లకు రెండు పక్కలా ఆనించి, కాళ్లు వంచకుండా మడమలను బొటనవేలంత ఎత్తు లేపి దించడం. చూడటానికి ఏమీ లేదు. పదోసారికి తొడ పైభాగం పట్టేస్తుంది, కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోండి, సర్దుకుంటుంది. చేతులు ముందుకు జరిపేకొద్దీ ఇంకా కష్టం.

జిమ్నాస్టిక్స్ పోటీల్లో బలంతో నిలిపే భంగిమకు కావలసింది 2 సెకన్ల కదలని నిలుపు. అందుకే నేను వణుకుతూ అర నిమిషం లాగను. 5 నుంచి 8 సెకన్లు, ఐదారు సార్లు, మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి. సూర్యనమస్కారాలు కాగానే, ఒళ్లు వేడెక్కి ఇంకా అలసిపోకముందే. వారానికి మూడు రోజులు, అంతకు మించి వద్దు. కండరం కన్నా దాన్ని ఎముకకు కట్టే స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది, మోచేయి నొప్పి వచ్చాక తెలుసుకున్నాను.

ఇది యోగా కాదు, సర్కస్ అనేవారున్నారు. పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక వివరించిన 15 ఆసనాల్లోనే కుక్కుటాసనం, మయూరాసనం ఉన్నాయి. రెండూ చేతుల మీద ఒళ్లు లేపేవే. అలాగని మయూరాసనం వస్తే ప్లాంచ్ (చేతుల మీదే ఒళ్లంతా నేలకు సమాంతరంగా నిలిపే జిమ్నాస్టిక్స్ భంగిమ) వచ్చేసినట్టు కాదు. ఒకదానిలో మోచేతులు పొట్టకు ఊతమిస్తాయి, రెండోదానిలో చేతులు నిటారుగా ఉండాలి.

ఒక లోటు ఉంది. చాప మీద తోసే పనే తప్ప లాగే పని ఉండదు, ఈ పిడులూ దాన్ని తీర్చవు. కడ్డీకి వేలాడటం, పైకి లాగుకోవడం విడిగా చేసుకోవాల్సిందే. ఇంకోటి, మెత్తటి చాప మీద పెడితే ఇవి ఊగుతాయి. గట్టి నేల మీదే పెట్టండి.

మణికట్టు నొప్పి ఉంటే కొనుక్కోండి. లేకపోతే గట్టి యోగా దిమ్మెలు రెండు చాలు.

సరే, పిడులు పక్కన పెట్టేస్తున్నాను. చాప మీదే చేస్తాను, మీరు లెక్కపెట్టండి... ఆరు సెకన్లు. ఎడమ మోకాలు కొంచెం వంగింది, చూశారుగా.