అప్పా అని పిలిచిన రాజు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఫిలిప్ మెడోస్ టేలర్ అనే నవలా రచయిత గురించి చెబుతాను. ఎవరో దొర, మనకెందుకులే అని రేడియో కట్టేయకండి, ఆ దొర ముప్పై ఐదేళ్లకు పైగా ఉద్యోగం చేసింది మన నిజాం కొలువులోనే.

పుట్టింది 1808లో లివర్‌పూల్‌లో, కుటుంబం స్థిరపడింది ఐర్లండులోని డబ్లిన్‌లో. పదహారేళ్లు నిండీ నిండకముందే బొంబాయిలో ఓ వ్యాపారి దగ్గర గుమాస్తాగా దిగాడు, ఆ వ్యాపారం కాస్తా దివాలా స్థితిలో ఉందని తెలిసింది, ఎవరో బంధువు చెయ్యి వేస్తే 1824లో నిజాం సైన్యంలో చేరాడు. పెళ్లాడింది హైదరాబాదు షావుకారు విలియం పామర్ కూతురిని. 1839లో థగ్గుల మీద, అంటే బాటసారుల్ని నమ్మించి గొంతు బిగించి దోచుకునే ముఠాల మీద, రాసిన నవలతో ఇంగ్లండులో పేరు మోగిపోయింది. దక్కను రాణి చాంద్ బీబీ మీద కూడా నవల రాశాడు. ఇవన్నీ గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు చెప్పాలని ఉన్నది సురపురం కథ.

సురపురం ఇప్పుడు కర్ణాటకలో, యాద్గిర్ జిల్లాలో ఉంది. అప్పుడు అదో చిన్న బేడర్ సంస్థానం, బేడర్లంటే మన బోయలు. రాజు వెంకటప్ప నాయకుడు ఇంకా పసివాడు, అందుకని పెత్తనం టేలర్ చేతికి వచ్చింది. పిల్లవాడు ఆయన్ని 'అప్పా' అనేవాడు, అంటే కన్నడంలో నాన్నా అని. రాజమాత ఈశ్వరమ్మకి, టేలర్‌కి అస్సలు పడేది కాదు. అలాంటిది ఆవిడే ఓసారి జబ్బుపడినప్పుడు ఆయన్ని పిలిపించి, కొడుకు జాతకం బయటపెట్టించింది. రాజు ఇరవై నాలుగో ఏట పోతాడని అందులో ఉంది. ఇరవై నాలుగో ఏట. ఈ మాట బయటికి పొక్కకూడదని ఒట్టు వేయించుకున్నారు.

ఏళ్లు గడిచాయి, రాజు పెద్దవాడయ్యాడు, 1858లో కంపెనీ మీద తిరగబడ్డాడు, ఓడిపోయి హైదరాబాదు పారిపోయి వచ్చి పట్టుబడ్డాడు. జైల్లో టేలర్ వెళ్లి కలిస్తే, ప్రాణభిక్ష పెట్టమని అడగలేదు. దొంగని ఉరేసినట్టు నన్ను ఉరి తీయనివ్వకు అప్పా, ఫిరంగికి కట్టి పేల్చమను, అన్నాడు. మరణశిక్షే పడింది. అది యావజ్జీవమైంది, చివరికి గవర్నర్ జనరల్ దాన్ని నాలుగేళ్ల ఖైదుకి తగ్గించాడు. టేలర్ ఊపిరి పీల్చుకున్నాడు, ఇంక జాతకం తప్పినట్టే కదా! రాజుని చెంగల్పట్టు వైపు తీసుకెళుతున్నారు. దారిలో డేరాలో కాపలా అధికారి రివాల్వరు విప్పి పక్కన పెట్టి బయటికి వెళ్లాడు, లోపల తుపాకీ పేలింది. పొరపాటునో, కావాలనో. రాజుకి అప్పుడు ఇరవై నాలుగో ఏడు.

జ్యోతిషం నిజమా అని నన్నడగకండి, నేను నమ్మను. కానీ టేలర్ ఈ కథ చెప్పే తీరుంది చూశారూ, తను పెంచిన కుర్రాడి గురించి తండ్రిలా బాధపడతాడు, ఆ వెంటనే దొరలా తీర్పు చెబుతాడు, చెడు సావాసం వల్ల పాడయ్యాడంటాడు. నాకు అక్కడే పేచీ. సురపురంలో అడిగితే వెంకటప్ప నాయకుడు వీరుడు. కొండ మీద టేలర్ కట్టుకున్న బంగళా కూడా ఉంది, టేలర్ మంజిల్ అంటారు. ఒకే ఊరు ఇద్దరినీ తలుచుకుంటోంది.

ఇక చిన్న సలహా. టేలర్‌ని చదవాలనుకుంటే నవలలతో మొదలుపెట్టకండి. అవి లావుపాటి పుస్తకాలు, వర్ణనలు ఒక పట్టాన తెమలవు. 1877లో, ఆయన పోయాక అచ్చైన ఆత్మకథ ఉంది, అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో కూడా చిన్నప్పటి ముచ్చట్లు దాటేసి, సరాసరి సురపురం దగ్గర మొదలుపెట్టండి. చెరువులు తవ్వించడం, శిస్తు లెక్కలు, రాణిగారితో తగాదాలు, అన్నీ అక్కడున్నాయి.

1875లో నిజాం దివాను సాలార్‌జంగ్ పిలిస్తే టేలర్ మళ్లీ హైదరాబాదు వచ్చాడు. అప్పటికే చూపు మందగించింది, ఒంట్లో కూడా బాగుండలేదు. తిరుగు ప్రయాణంలో, 1876 మే నెలలో, ఫ్రాన్సులోని మెంటాన్‌లో పోయాడు, డబ్లిన్ చేరనే లేదు.